మే నెలలో ఉత్తరాంధ్ర తీరం: అయిదు రోజుల కుటుంబ యాత్రకు సలహాలు కావాలి

ఓరుగల్లు_యాత్రికురాలు

సభ్యులందరికీ నమస్కారం. పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చాక, మే రెండో వారంలో విశాఖపట్నం నుంచి ఉత్తరంగా తీరం వెంబడి భీమిలి, కళింగపట్నం, వీలైతే బారువ దాకా వెళ్లి రావాలని అనుకుంటున్నాము. మాది హనుమకొండ. నేను, మావారు, పదకొండేళ్ల అబ్బాయి, ఏడేళ్ల అమ్మాయి, మా అత్తయ్య, మామయ్య కలిసి బయలుదేరుతున్నాము. మామయ్యకు మోకాళ్ల నొప్పులున్నాయి. అత్తయ్యకు సింహాచలం, అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు తప్పనిసరి. పిల్లలు సముద్రంలో దిగుతామని తప్ప మరో మాట మాట్లాడటం లేదు.

నేను వేసుకున్న ప్రణాళిక ఇది. మొదటి రోజు రామకృష్ణా బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, సింహాచలం. రెండో రోజు అరకు, బొర్రా గుహలు. మూడో రోజు రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. నాలుగో రోజు అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం, తేలినీలాపురం పక్షుల కేంద్రం. అయిదో రోజు బారువ చూసుకుని రాత్రి రైలు. ఇది సాధ్యమేనా? ఏవి తీసేయాలి, ఎక్కడ బస చేయాలి, పిల్లలను ఎక్కడ నీళ్లలోకి దించవచ్చు అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

భీమిలి_గాలి

అమ్మా, మీ ప్రణాళికను డిసెంబరులో అమలు చేస్తే కష్టపడి పూర్తి చేయవచ్చు. మే నెలలో మాత్రం రెండో రోజు మధ్యాహ్నానికే పెద్దవారు మంచం పడతారు. విశాఖలో ఉష్ణోగ్రత ఓరుగల్లు కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే కనిపిస్తుంది కాని, ఉక్కపోత వల్ల ఒంట్లోని నీరంతా చెమటగా పోతుంది. మీ వైపు పొడి ఎండకు అలవాటుపడిన వారికి ఇది మొదటి రోజు అర్థం కాదు, రెండో రోజు తెలుస్తుంది.

అందుచేత చూడవలసిన చోట్లను కాక, బయట తిరగగలిగిన గంటలను లెక్కించండి. మే నెలలో ఇక్కడ ఉదయం అయిదున్నర కాకముందే సూర్యోదయం అవుతుంది, ఎనిమిదిన్నర దాటితే ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడలేము. మళ్లీ సాయంత్రం నాలుగున్నర తరువాతే బయటికి రావడం మంచిది. అంటే రోజుకు ఒక ఉదయం, ఒక సాయంత్రం మాత్రమే మీ చేతిలో ఉంటాయి, మధ్యలోనిది గది, భోజనం, నిద్ర. మీరు మూడో రోజుకు రాసుకున్న నాలుగు చోట్లూ ఎండలో, ఆరుబయట చూడవలసినవే.

నా అభిప్రాయంలో ఈ తీరంలో ఒక్క ఉదయాన్ని దేనికైనా పూర్తిగా కేటాయించాలంటే అది ఎర్రమట్టి దిబ్బలకే. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోగుచేసిందని, అందులోని ఇనుము తుప్పుపట్టడం వల్ల ఈ ఎరుపు వచ్చిందని, ఆ తరువాత వానలు కోసిన వాగులే ఇప్పుడు మనం నడిచే లోయలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇటువంటివి మన దేశంలో తమిళనాడు దక్షిణ తీరంలోను, ఆవల శ్రీలంకలోను తప్ప ఈ ప్రాంతాల్లో మరెక్కడా లేవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. సూర్యుడు ఏటవాలుగా పడే తొలి గంటలో ఆ రంగు చూడాలి. ఒక్క మనవి, దిబ్బల అంచుల మీదికి పిల్లలను ఎక్కనివ్వకండి. అది రాయి కాదు, గట్టిపడిన ఇసుక మాత్రమే. ఎక్కిన ప్రతి కాలూ కొంత కూల్చివేస్తుంది, పైగా జారితే దెబ్బలు తగులుతాయి.

అక్కడినుంచి భీమిలి దగ్గరే. డచ్చివారి సమాధులు, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అన్నీ ఒక గంటన్నరలో చూడవచ్చు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. ఆ పాత మిద్దెల మధ్య నడవడం నాకు సముద్రం కంటే ఇష్టం, అది వేరే సంగతి.

ఉప్పుటేరు

నాది బాపట్ల ప్రాంతం కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా సరే, ఒక మాట అడుగుతాను. పిల్లలకు సముద్రస్నానమే ముఖ్యమైతే అంత దూరం ఎందుకు? వరంగల్ నుంచి విజయవాడ మీదుగా బాపట్లకు పగటి రైలులోనే చేరవచ్చు. అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల లోపే సూర్యలంక. విశాఖలో కన్నా ఇక్కడ ఒడ్డు మెల్లగా లోతవుతుంది, వెడల్పాటి ఇసుక, తాటితోపులు, మే నెలలో ముంజలు. చీరాల వైపు వెళ్తే వాడరేవు ఉంది. మూడు రోజుల్లో హాయిగా ఇంటికి చేరుకుంటారు.

తెరచాప

ఉప్పుటేరు గారు చెప్పిన దూరం లెక్క సరైనదే కాని, మెల్లగా లోతవుతుందన్న భరోసాతో పిల్లలను వదలవద్దు. సూర్యలంక, రామాపురం, వాడరేవులలో వరుస ప్రమాదాల తరువాత పోలీసులు పర్యాటకులను కొన్నాళ్లు రానివ్వని సందర్భాలు కూడా ఉన్నాయి. నేను చాలాకాలం ఓడల మీద పనిచేసినవాడిని కనుక సముద్రం సంగతి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

విశాఖ రామకృష్ణా బీచ్ స్నానానికి తగిన చోటు కాదు. అక్కడ నేల ఒడ్డుకు దగ్గరలోనే దిగిపోతుంది, రాళ్లు కూడా ఉన్నాయి. విరిగిన అల వెనక్కి మళ్లేటప్పుడు నీరంతా ఒక పాయగా చేరి లోపలికి లాగుతుంది. ఆ పాయ ఉన్న చోట అలలు విరగవు కాబట్టి, తెలియనివారికి అదే ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది. చాలామంది అక్కడే దిగుతారు. పొరపాటున అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక ఒడ్డుకు రావాలి, ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మీ అబ్బాయికి ఈ విషయం ఇంటి దగ్గరే బొమ్మ గీసి చెప్పండి.

దిగదలచుకుంటే రుషికొండలో దిగండి. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపును 2020లో పొందిన బీచ్ అది. నిర్వహణ లోపాల వల్ల 2025లో కొంతకాలం జెండా దింపవలసి వచ్చినా, తరువాత మళ్లీ ఎగురవేశారు. స్నానానికి హద్దులు గుర్తించి ఉంటాయి, రక్షకులు ఉంటారు, దుస్తులు మార్చుకునే గదులు, స్నానాల గదులు ఉన్నాయి. అక్కడ కూడా మోకాలి లోతు దాటకుండా, పిల్లలకు సముద్రం వైపున ఒక పెద్దమనిషి నిలబడి ఉండాలి. ఒడ్డున కూర్చుని కేకలు వేయడం కాపలా కాదు.

నదులు సముద్రంలో కలిసే చోట్ల అసలు దిగవద్దు. భీమిలి దగ్గర గోస్తనీ, కళింగపట్నం దగ్గర వంశధార మే నెలలో పాయలుగా చిక్కిపోయి అమాయకంగా కనిపిస్తాయి కాని, పోటుపాట్లకు అక్కడ ప్రవాహం గంటగంటకూ మారుతుంది, ఇసుక మేటలు కాళ్ల కింద కదులుతాయి.

మరొక్క విషయం. మే నెల బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2019 మేలో ఫణి పూరీ దగ్గర తీరం దాటినా దాని గాలివానలు శ్రీకాకుళాన్ని వదలలేదు. 2022 మేలో అసని వచ్చినప్పుడు సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకు ఎక్కడినుంచో బంగారు రంగు రథమొకటి కొట్టుకువచ్చి దేశమంతా వార్త అయింది. కాబట్టి గదులు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలోనే తీసుకోండి. బయలుదేరే ముందు వాతావరణ శాఖ ప్రకటనలతో పాటు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విడుదల చేసే ఎత్తైన అలల హెచ్చరికలను కూడా చూడండి. తుపాను లేని రోజున కూడా ఆ హెచ్చరికలు వస్తాయి.

ఓరుగల్లు_యాత్రికురాలు

తెరచాప గారూ, విసుగేమీ లేదండీ, మావారికి మొత్తం చదివి వినిపించాను. ఉప్పుటేరు గారూ, సూర్యలంకకు మరోసారి తప్పక వస్తాము. ఈసారి అత్తయ్య మొక్కులు ఉన్నందువల్ల ఉత్తరాంధ్ర మార్చడం కుదరదు.

మూడు సందేహాలు మిగిలాయి. మామయ్య కురుసుర లోపలికి వెళ్లగలరా? సింహాచలం ఏ రోజు పెట్టుకోవాలి? మావారు అరకును వదులుకోవడానికి ఒప్పుకోవడం లేదు, ఏం చెప్పాలి?

అద్దాల_పెట్టె

మీ వారి పక్షాన నేను మాట్లాడతాను. విశాఖపట్నం నుంచి ఉదయం కిరండూల్ వైపు వెళ్లే రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె ఉంటుంది. అనంతగిరి కొండల్లో సొరంగాలు, వంతెనలు దాటుతూ సాగే ఆ ప్రయాణం పిల్లలు జీవితాంతం మరచిపోరు. పైగా తీరం కంటే అరకులో చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో కొండ ఎక్కకపోతే ఇంకెప్పుడు ఎక్కుతారు?

భీమిలి_గాలి

ఎక్కవలసింది వానాకాలం చివర. మే నెలలో ఆ కొండల మీది పచ్చదనం సగం ఎండిపోయి ఉంటుంది. రైలులో వెళ్లి అదే రోజు తిరిగి రావాలంటే ఉదయమూ సాయంత్రమూ రెండూ దానికే పోతాయి. బొర్రా గుహలలో మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అది శిక్షే. అరకుకు అక్టోబరు తరువాత ప్రత్యేకంగా రండి. సముద్రం చూడటానికి వచ్చి ఒక రోజంతా సముద్రానికి వీపు పెట్టి ప్రయాణించడం నాకు న్యాయంగా తోచదు.

కురుసుర విషయానికి వస్తే, అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఒడ్డున నిలిచి ఉన్న జలాంతర్గామి. పొడవు 91 మీటర్లకు పైగా ఉన్నా లోపల నడవ చాలా ఇరుకు, గది నుంచి గదికి వంగి దాటాలి. మీ అబ్బాయికి అది పండుగ. మామయ్య గారిని ఎదురుగా రోడ్డు అవతల ఉన్న టీయూ-142 విమాన ప్రదర్శనశాల దగ్గర కూర్చోబెట్టండి, అక్కడ విశాలంగా ఉంటుంది. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి ఎండ వేళకు అది సరిపోతుంది.

సింహాచలానికి అక్షయ తృతీయ నాడు మాత్రం వెళ్లకండి, లేదా అందుకోసమే వెళ్లండి. ఏడాది పొడవునా చందనంలో ఉండే స్వామి నిజరూప దర్శనం ఆ ఒక్క రోజే కావడం వల్ల లక్షల మంది వస్తారు. మీ తేదీలు దానికి దగ్గరగా ఉన్నాయేమో పంచాంగం చూసుకోండి. శనివారం కాని మామూలు రోజున సాయంత్రం వెళ్తే పెద్దవారికి హాయిగా ఉంటుంది.

తొట్లకొండ గురించి చెప్పడం మరచాను. 1976లో నౌకాదళం వారు స్థలం కోసం సర్వే చేస్తుండగా బయటపడిన బౌద్ధ క్షేత్రం అది. 1988 నుంచి 1992 వరకు తవ్వకాలు జరిగాయి. వాహనం కొండ మీదికి వెళ్తుంది. అక్కడినుంచి కనిపించే సముద్రం కోసమైనా చూడాలి కాని, నీడ ఉండదు. ఉదయం ఏడింటికి ముందే వెళ్లగలిగితే సరే, లేకపోతే వదిలేయండి.

వంశధార

శ్రీకాకుళం సంగతి నేను చెబుతాను. ముందుగా తేలినీలాపురాన్ని కొట్టివేయండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలపు అతిథులు. ఏప్రిల్ దాటాక మీకు అక్కడ చింతచెట్లు కనిపిస్తాయి. అరసవల్లిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకేది మార్చి, అక్టోబరు నెలల్లో కాబట్టి మే నెలలో ఆ ఆశ పెట్టుకోవద్దు. దర్శనం మాత్రం ప్రశాంతంగా జరుగుతుంది, ఆదివారం తప్ప. ఆదివారం అక్కడ వరుసలో నిలబడటం పెద్దవారి వల్ల కాదు.

శ్రీకూర్మం శ్రీకాకుళానికి పదమూడు కిలోమీటర్లు. కూర్మావతారానికి ఇటువంటి ప్రాచీనమైన ఆలయం మరొకటి లేదు. రెండు ధ్వజస్తంభాలు, మండపపు గోడల మీది పాత చిత్రాలు పెద్దవారికి, ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్లు మీ అమ్మాయికి. నిజానికి మీరు ఆ అమ్మాయిని తాబేళ్ల దగ్గరినుంచి కదిలించడానికే ఎక్కువ సమయం పడుతుంది.

కళింగపట్నానికి సాయంత్రం వెళ్లండి. ఒకప్పుడు సరుకుల ఓడలు ఆగిన రేవు అది, ఇప్పుడు దీపస్తంభం, ఇసుక, వంశధార కలిసే చోటు, కొద్దిపాటి జనం మాత్రమే ఉంటారు. విశాఖ రద్దీ చూసి వచ్చినవారికి అక్కడ ఊపిరి ఆడుతుంది. తెరచాప గారి మాట విని నీళ్లలో దిగకుండా ఒడ్డున కూర్చోండి. దగ్గరలోనే శాలిహుండం ఉంది. వంశధార దక్షిణపు ఒడ్డున, కొండ మీద ఉన్న ఈ బౌద్ధ స్తూపాలను 1919లో తొలిసారి లోకం దృష్టికి తెచ్చింది వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టింది కూడా ఇక్కడే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. కొండ మీద నుంచి నది మలుపు చూస్తే పూర్వులు ఈ చోటును ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. కొంత ఎక్కాలి కనుక మామయ్య గారు కింద చెట్టు నీడన ఆగవచ్చు.

బారువ అందమైనదే. ఉద్దానం కొబ్బరితోటల మధ్యనుంచి వెళ్లే ఆ దారి నాకు ప్రాణం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను నేలమట్టం చేసింది, తరువాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే ఎదిగి నీడనిస్తున్నాయి. కాని శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల దూరం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరమంతటా చలికాలం చివర గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వారు పిల్లలను సముద్రంలోకి వదిలే పని చాలావరకు ఏప్రిల్ నాటికే ముగుస్తుంది. మీరు వచ్చేసరికి అది కూడా చూడలేరు. అయిదు రోజుల్లో, ఆరుగురితో, బారువను ఇరికించవద్దని నా సలహా.

నడకదారి

భోజనం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అందువల్ల మే నెలలో వంజరం, చందువ అని వడ్డించేది చాలాచోట్ల మంచుగడ్డలో నిలవ ఉంచినదే, ధర మాత్రం రెట్టింపు. తాజా చేప కావాలంటే తెల్లవారుజామున భీమిలి ఒడ్డుకు వచ్చే తెప్పల దగ్గర కవ్వళ్లో, కానగంతలో, నెత్తళ్లో దొరికినవి కొని, వండిపెట్టే చోట ఇవ్వండి. చిన్న చేపలే కాని రుచి వీటిదే. పిల్లలకు సాయంత్రం బీచ్ దగ్గర మురీ మిక్చర్, పగలు తాటి ముంజలు, కొబ్బరి నీళ్లు. పలాస జీడిపప్పు శ్రీకాకుళంలోనే దొరుకుతుంది, దానికోసం పలాస వెళ్లనక్కరలేదు.

ఓరుగల్లు_యాత్రికురాలు

అందరి సలహాలూ కలిపి మళ్లీ రాసుకున్నాను. మావారు అరకును అక్టోబరుకు వాయిదా వేయడానికి ఒప్పుకున్నారు, విస్టాడోమ్ టిక్కెట్లు తానే తీస్తానన్న షరతు మీద.

మంగళవారం రాత్రి వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బుధవారం తెల్లవారేసరికి విశాఖ చేరుతాము. రుషికొండ వైపు బస. ఆ పగలంతా విశ్రాంతి, సాయంత్రం కురుసుర, విమానం, బీచ్ ఒడ్డు. గురువారం ఉదయం రుషికొండలో స్నానం, సాయంత్రం సింహాచలం. శుక్రవారం సూర్యోదయానికి ఎర్రమట్టి దిబ్బలు, తరువాత భీమిలి, సాయంత్రం కైలాసగిరి. శనివారం తెల్లవారుజామునే కారులో శ్రీకాకుళం, ముందు అరసవల్లి, తరువాత శ్రీకూర్మం, సాయంత్రం కళింగపట్నం. ఆదివారం ఉదయం శాలిహుండం, రాత్రికి శ్రీకాకుళంలోనే రైలు. విశాఖ ఎక్స్‌ప్రెస్ పేరు కనిపించింది, అది తీసుకోవచ్చా?

వంశధార

ప్రణాళిక చక్కగా కుదిరింది. శనివారం మాత్రం దర్శనాలు రెండూ ఒకే ఉదయం పూర్తి కావాలంటే రుషికొండ నుంచి నాలుగున్నరకే బయలుదేరాలి. జాతీయ రహదారి మీద రెండు గంటలకు పైగా పడుతుంది. ఆలస్యమైతే శ్రీకూర్మాన్ని సాయంత్రానికి మార్చి, అక్కడినుంచి కళింగపట్నం వెళ్లండి.

రైలు విషయంలో జాగ్రత్త. విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రెండూ గుంటూరు, నల్గొండ మీదుగా సికింద్రాబాద్ వెళ్తాయి, వరంగల్ రావు. మీకు కావలసింది భువనేశ్వర్ నుంచి ముంబయి వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్. రాత్రి ఎక్కితే ఉదయానికి వరంగల్‌లో దిగుతారు. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు, అది పట్టణంలో కాక ఆమదాలవలసలో ఉంది, ఒక అరగంట ముందుగా బయలుదేరండి.

తెరచాప

టిక్కెట్ల గురించి ఒక చిన్న మాట. ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతుంది, వేసవిలో మొదటి రోజునే బెర్తులు అయిపోతాయి, కనుక తేదీ గుర్తుపెట్టుకోండి. ఆరుగురికీ ఒకే టిక్కెట్ తీయవద్దు. సీనియర్ సిటిజన్ల కింది బెర్తుల కోటా, టిక్కెట్‌లో ఒకరు లేదా ఇద్దరే ఉండి వారిద్దరూ అర్హులైనప్పుడే వర్తిస్తుంది. అత్తయ్య, మామయ్య గార్లకు ఆ కోటాలో వేరుగా ఒక టిక్కెట్, మీ నలుగురికి మరొకటి తీయండి.

ఓరుగల్లు_యాత్రికురాలు

ధన్యవాదాలండీ. రెండు టిక్కెట్లుగానే తీస్తాము. తెల్లవారుజామున తెప్పల దగ్గర కొన్న చేపను వండిపెట్టే చోటు భీమిలిలో ఏ వైపు ఉంటుందో నడకదారి గారు చెప్పగలరా? మామయ్య ఆ ఒక్క ప్రశ్న అడగమన్నారు.

నడకదారి

దీపస్తంభం నుంచి ఒడ్డు వెంబడి నడిస్తే జాలరి పేటలో ఇళ్ల ముందే అడగవచ్చు. మామయ్య గారిని ముందు నడవనివ్వండి, బేరం ఆయనకే కుదురుతుంది.